ఏ తలుపుకి?

పోయిన నెల హైదరాబాదు శివార్లలో ఒక గోడౌను వరండాలో నేనూ మా అబ్బాయీ పావుగంట సేపు ఒక తాళం కప్పతో కుస్తీ పట్టాం. వాడికి బెంగళూరు బదిలీ అయింది. రెండేళ్ల మాట. సామానంతా నెల అద్దెకిచ్చే గదిలో సర్దించాడు. మా నాన్న చేయించిన టేకు బీరువా, మా ఆవిడ వీణ, మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి గుండిగలు అన్నీ లోపలే ఉన్నాయి. షట్టరు దించి చూస్తే, వాడు ఫోనులో తెప్పించిన తాళం కడ్డీ 12 మిల్లీమీటర్ల లావుంది. షట్టరు కొండికున్న కన్నం 10 మిల్లీమీటర్లే. ఎలా దూరుతుంది? అక్కడి కుర్రాడు మాత్రం తొణక్కుండా, “సన్న గొలుసు వేసి దానికి తగిలించండి సార్, అందరూ అంతే చేస్తున్నారు” అన్నాడు.

అందరూ అంతే చేస్తున్నారన్న మాటకే నా కడుపు మండింది. వేళ్లతో మెలిపెడితే వంగే గొలుసుకి పిడికెడంత తాళమా?

తెనాలిలో నలభై ఏళ్లు ఇనప సామాన్ల కొట్టు నడిపినవాణ్ణి. అంతకు ముందు అది మా నాన్నది. తాళం కావాలని ఎవరొచ్చినా ఆయన అల్మరా వైపు కూడా చూసేవాడు కాదు. “ఏ తలుపుకి?” అనేవాడు ముందు. ధాన్యం కొట్టుకా, పశువుల సావిడికా, ట్రంకు పెట్టెకా? తలుపు చెక్కదా, రేకుదా? గొళ్ళెం ఎంత మందం? కొండి కన్నం ఎంత? వచ్చినవాడికి తెలియకపోతే చేతికి ఒక చీపురు పుల్ల ఇచ్చి, “ఇంటికెళ్లి కన్నం అడ్డంగా కొలిచి, పుల్ల మీద గోటితో గాటు పెట్టుకురా బాబాయ్” అని పంపేవాడు. బేరం పోతుందని నేను గొణిగితే వినేవాడు కాదు. ఆ రైతు మర్నాడు పుల్ల పట్టుకుని వచ్చేవాడు. మా రోజుల్లో తాళం కొనడమంటే అదీ.

తాళం వేసితిని, గొళ్ళెం మరచితిని అని మన పెద్దలు ఊరికే అనలేదు. దొంగ తాళంతో పోట్లాడడు. తాళం, కడ్డీ, గొళ్ళెం, కొండి, వాటిని పట్టి ఉంచే మేకులు, ఈ అయిదింటిలో ఏది అధ్వానంగా ఉంటే దాని మీద పడతాడు. గొళ్ళెం స్క్రూల తలలు బయటికి కనిపిస్తుంటే రెండు రూపాయల స్క్రూడ్రైవరు చాలు, మూడు వేల రూపాయల తాళం గొళ్ళెంతో సహా చేతిలోకి వచ్చేస్తుంది. అందుకే మా వడ్రంగులు గొళ్ళేనికి స్క్రూలు వాడేవారు కాదు. తలుపు ఇవతల నుంచి అవతలికి బోల్టు దించి లోపల నట్టు బిగించేవారు. బయట నున్నటి గుండ్రటి తల తప్ప పట్టు దొరికేది కాదు. గొళ్ళెం మూసినప్పుడు మడత పడి ఆ తలలను కూడా కప్పేసేది. ఇప్పటి అద్దె గదుల షట్టర్లకు కొండి పేరిట ఒక రేకు ముక్కను వెల్డింగు చుక్కతో అతికిస్తున్నారు. అది చూడకుండా తాళానికి ఎన్ని చుక్కల రేటింగు ఉందో చూస్తున్నారు మన పిల్లలు.

తాళం లోపల ఏముందో కూడా అప్పుడు కొనేవాడు అడిగేవాడు. “ఏడు లివర్లదా, ఎనిమిదా?” అని రైతులు కూడా అడిగేవారు. లివరంటే లోపలుండే పల్చటి పలక. తాళంచెవి తిప్పితే దాని పళ్లు ఒక్కో పలకను ఒక్కో ఎత్తుకు లేపాలి. ఒక్కటి తక్కువ లేచినా, ఎక్కువ లేచినా బోల్టు కదలదు. ఎక్కువ లేచినా కదలనివ్వని ఆ ఏర్పాటుకు ఇంగ్లండులో రాబర్ట్ బ్యారన్ 1778లో పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో అలీగఢ్ తాళాల పనికే పేరుపడ్డ ఊరు. బొంబాయిలో ఆర్దేషిర్ గోద్రెజ్ 1897లో తాళాలతోనే వ్యాపారం మొదలెట్టాడు. 1954లో వచ్చిన గోద్రెజ్ నవ్‌తాళ్ మా కొట్టులో బియ్యం బస్తాల్లా పోయేది. తమిళనాడు దిండిగల్ తాళాలైతే చేత్తో చేసినవి. ఆ తాళానికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పనివాళ్లు పలచబడిపోయాక వచ్చిన ఆ గుర్తింపు చూసి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు నాకు.

మేం అమ్మిన లివరు తాళాల్లో చాలావాటికి వేయడానికి కూడా తాళంచెవి తిప్పాల్సిందే. అది ఇబ్బందని ఇప్పటివాళ్లు నొక్కితే పడే తాళాలు కొంటున్నారు. నొక్కితే పడిందంటే, చాలావాటిలో లోపల స్ప్రింగు మీద నిలిచే నాలుక ఉందన్నమాట. చవక రకాల్లో ఆ నాలుకను కడ్డీ పక్కనుంచి సన్న రేకు దూర్చి వెనక్కి నెట్టొచ్చు. నొక్కేదే కావాలంటే, లోపల కడ్డీని రెండు వైపులా ఉక్కు గోళీలు పట్టుకునేది అడిగి కొనండి. అది రేకుకు లొంగదు. ఇక తాళంచెవి మరిచిపోతామని నంబరు తాళాలు. మూడు చక్రాలుంటే 000 నుంచి 999 దాకా వెయ్యి అంకెలు. ఒక్కోదానికి రెండు సెకన్లు వేసుకున్నా అరగంట పైచిలుకులో అన్నీ తిప్పి చూడొచ్చు. ఎవరూ రాని గోడౌను వరండాలో అరగంట ఎంత? వేలిముద్ర తాళాలు ఇంకో ముచ్చట. రెండేళ్లు మూసి ఉంచే గదికి బ్యాటరీ తాళం వేస్తే, తీసే రోజున అది పలకకపోవచ్చు.

డజను తాళాల పెట్టె వస్తే మా నాన్న పన్నెండు తాళంచెవుల్నీ మార్చి మార్చి పెట్టి చూసేవాడు. చవక సరుకులో ఒకదాని చెవి ఇంకోదానికి పడేది. పడిన జతను పక్కన పెట్టి తిప్పి పంపేవాడు. ఇప్పుడు ఆ పరీక్ష ఎవరు చేస్తున్నారు? ప్లాస్టిక్ అట్టలో అతికించిన తాళాన్ని కొనేవాడు చేత్తో పట్టుకుని చూసే వీలే లేదు. తాళంచెవి మీద నంబరు అచ్చు వేసి ఉంటే, దాన్ని రాసి పెట్టుకుని చెరిపేయమని చెప్పేవాళ్లం. ఆ నంబరు తెలిస్తే కొన్ని రకాలకు మారు చెవి చేయించడం కష్టం కాదు.

అలాగని మా కాలపు తాళాలే గొప్పవని నేను అబద్ధం చెప్పను. 1851లో లండన్ మహా ప్రదర్శన జరిగినప్పుడు హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తీయలేరని పేరుపడ్డ చబ్ లివరు తాళాన్ని సాక్షుల ముందు తీసి చూపించాడు. మేం అమ్మిన ఇత్తడి తాళాల కడ్డీలు చాలావరకు మెత్తవి. ఓపికున్నవాడు రంపపు బ్లేడుతో కోసేవాడు. ఇప్పుడు బోరాన్ కలిపి గట్టిపరచిన ఉక్కు కడ్డీలున్నాయి, ఆకురాయి రుద్దితే జారిపోతుంది. కడ్డీ అసలు బయటికి కనపడకుండా గుండ్రటి బిళ్లలా ఉండే తాళాలున్నాయి. పెద్ద కత్తెర పెట్టడానికి వాటిలో సందు దొరకదు. అమెరికాలో ఇలాంటి అద్దె గదుల వాళ్లు అవే ఎక్కువగా వాడతారని డాలస్‌లో ఉన్న మా తమ్ముడి కూతురు చెప్పింది. ఇంత మంచి సరుకు మా నాన్న కలలో కూడా చూసి ఉండడు. సరుకు పెరిగింది, చూపు తగ్గింది. నా గోడంతా అదే.

తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నది కూడా అప్పుడు తేల్చుకునేవారు. అన్నదమ్ముల ఉమ్మడి కొట్టుకు ఇద్దరి తాళాలూ పడేవి, ఒకరు లేకుండా ఒకరు తీయలేకుండా. రైసు మిల్లువాళ్లు ధాన్యం తాకట్టు పెట్టి కీ లోన్ తీసుకుంటే గోడౌనుకు బ్యాంకు తాళమే. ఇప్పుడు అద్దె గది తీసుకునేవాడు మారు చెవి యజమాని దగ్గర ఉందా, తన తాళమే వేసుకోవచ్చా అని అడగనే అడగడు. సంతకం పెట్టిన కాగితంలో సామాను పోతే ఎవరి బాధ్యతో చదవడు. బ్యాంకు లాకరైతే, మంటలు, దొంగతనం, సిబ్బంది మోసం లాంటి వాటివల్ల సొత్తు పోయినప్పుడు ఏడాది అద్దెకు వంద రెట్లు బాధ్యత పడాలని రిజర్వు బ్యాంకు 2021లో చెప్పింది. అది బ్యాంకులకు మాత్రమే. గోడౌను గదికి అది వర్తించదు. “కెమెరాలున్నాయి సార్” అంటాడు కుర్రాడు. కెమెరా చూస్తుంది నాయనా, ఆపదు.

ఆ రోజు మా అబ్బాయిని వెంటబెట్టుకుని దగ్గర్లో ఉన్న ఇనప కొట్టుకు వెళ్లాను. తాళం అన్నానో లేదో కౌంటరు మీది కుర్రాడు, “ఎంతలో కావాలి సార్?” అన్నాడు. వాడి తప్పు కాదు. వాడికి ఎవరూ నేర్పలేదు. నేనే చెప్పాను, “షట్టరుకి. కన్నం పది. కడ్డీ తొమ్మిది దాటకూడదు, పొట్టిగా ఉండాలి, గట్టి ఉక్కుదై ఉండాలి.” వాడు నిచ్చెనెక్కి వెనక అరలోంచి దుమ్ము దులిపి తీసిచ్చాడు. మంచి సరుకు వాడి దగ్గరే ఉంది, అడిగినవాడే లేడు. యజమానితో పోట్లాడి కొండికి చుట్టూ కొత్తగా వెల్డింగు పెట్టించి, తాళం వేసి, మా నాన్న లాగినట్టే రెండుసార్లు లాగి చూసి మరీ వచ్చాను.

దుకాణాల్లో “ఏ తలుపుకి?” అన్న ఆ ప్రశ్న మళ్లీ వినపడాలని నా కోరిక. అంతదాకా కొనేవాళ్లే ఆ జవాబుతో వెళ్లండి. “పెద్ద తాళం ఇవ్వండి” అనకండి. ముందు షట్టరు దగ్గరికి వెళ్లి కొండి ఊపి చూడండి, కన్నంలో చీపురు పుల్ల పెట్టి కొలవండి. ఆ పుల్ల జేబులో వేసుకుని, అప్పుడు కొట్టుకెళ్లండి.