వైట్ బోర్డు బండి

నా గురించి మూడు భాషల్లో కాగితాలున్నాయి. ఎఫ్ఐఆర్ తెలుగులో, పాలసీ ఇంగ్లీషులో, కోర్టు ఫిర్యాదు కన్నడలో. మూడింట్లోనూ నా ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు అక్షరం తప్పు పోకుండా ఎక్కించినారు. నేనేం పని చేసి బతికినానన్న దగ్గరే ఒకదానికొకటి పొసగలేదు.

నేను బొలెరోని. కేఏ 64, అంటే మధుగిరి రిజిస్ట్రేషన్. పావగడ తాలూకా తిరుమణి పక్క ఊళ్ళో ఒక రైతు 2018లో నన్ను కొన్నాడు. సెనిక్కాయ పండించి కారు కొన్నోడు మా వైపు ఎవడూ లేడు. ఈయన భూమిని సోలార్ పార్కుకు గుత్తకిచ్చినాడు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకోసారి 5 శాతం పెంపు. అట్లా ఐదూళ్ళ రైతులిచ్చిన 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పలకలు లేచినాయి. పంటను మాడ్చిన ఎండే గుత్త డబ్బు తెచ్చింది, ఆ డబ్బులో నేనొక ముక్క. షోరూం నుంచి నేరుగా శని మహాత్మ గుడి ముందు నిలిపి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినారు. శని చూపు పడకుండా మొక్కినారు గానీ, ఇన్సూరెన్స్ ఇన్వెస్టిగేటర్ సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఒక మాట దాచకుండా చెప్తాను. పార్కు పనులు జరుగుతున్నన్నాళ్ళూ, 2019 చివరి దాకా, సైటు ఇంజినీర్లను పొద్దున దించి సాయంత్రం తెచ్చేదాన్ని. నెలకింత అని మాట. అది బాడుగే, ఇంకో పేరు లేదు. నా నంబరు ప్లేటు తెల్లది, నా పని పసుపు బోర్డుది. ఆ రోజుల్లో ఎక్కడన్నా గుద్దుకొని ఉంటే నేను నోరెత్తేదాన్ని కాదు. పనులైపోయి ఇంజినీర్లు పోయినాక నాకు ఊరి బతుకు మొదలైంది. కాన్పుకు పావగడ, పెళ్ళి చీరలకు ధర్మవరం, సంతకు హిందూపురం. ఎక్కినోళ్ళు డీజిలు పోయించేవాళ్ళు, లేదంటే లేదు.

2023 జనవరిలో పక్కింటి అవ్వకు గుండె పరీక్షలకు పుట్టపర్తి పోవాల్సొచ్చింది. 1991లో తెరిచిన అక్కడి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో ఆపరేషన్‌కు కూడా పైసా అడగరు. అందుకే మా పేదోళ్ళకు బెంగళూరు కంటే అదే దగ్గర. తెల్లారకముందే క్యూలో నిలబడాల, ఆ యాళకు బస్సు లేదు. "మామా, డీజిలుకు నేనేస్తాలే, అవ్వను చూపించుకోని వచ్చేద్దాం రా" అన్నాడు అవ్వ కొడుకు. మా రైతే స్టీరింగ్ పట్టినాడు. డబ్బు వద్దంటుంటే వినకుండా, అవ్వ మూడు రెండొందల నోట్లు మడిచి నా డాష్‌బోర్డు అరలో దోపింది. నేను చూసిన లెక్క ఇంతే.

తిరిగొచ్చేటప్పటికి రాత్రయింది. పెనుకొండ దాటినాం, రొద్దం దాటినాం. ఆ తర్వాత రోడ్డు మీద ఉలవ కట్టె పరిచినారు. మా వైపు తారు రోడ్డే కల్లం. పోయే బండ్లు తొక్కితే గింజ రాలుతుంది, నూర్పు కూలి మిగులుతుంది. పగటిపూట నేనూ ఎందరి ఉలవలు నూర్చినానో, పేరు అడిగి ఎరగను. రాత్రి ఆ కుప్ప దగ్గరికొచ్చేదాకా కనపడలేదు. బ్రేకు పడగానే ఎండిన కట్టె కింద గింజలు దొర్లినాయి, నాలుగు చక్రాలూ పట్టు విడిచినాయి. కుప్ప చుట్టూ కాపలాకు పెట్టిన బండరాయిని కొట్టి, పక్కకు పల్టీ కొట్టి, చింతమానుకు ఆనుకున్నాను. అవ్వ చెయ్యి విరిగింది. తక్కినోళ్ళకు గీరుకుపోయిన గాయాలే. పక్క పొలాల నుంచి పరిగెత్తుకొచ్చినోళ్ళు ముందు అవ్వను బయటికి లాగినారు, తర్వాత ఉలవలు ఎత్తుకున్నారు.

మా తాలూకాకు మూడు వైపులా ఆంధ్రే. కాస్త దూరం పోతే చాలు, రాష్ట్రం మారిపోతుంది. కాబట్టి కేసు ఆంధ్ర పోలీసులు రాసినారు, తెలుగులో. మా రైతు ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో చదివింది కన్నడ. తన మాటలే పోలీసు చేత్తో రాసిచ్చిన కాగితాన్ని తాను చదవలేక, అక్షరాల పోలికను బట్టి కూడబలుక్కున్నాడు. తర్వాత తుమకూరు కోర్టు కోసం దాన్ని తర్జుమా చేయించడానికి డబ్బు పోసినాడు.

నన్ను హిందూపురం గ్యారేజీకి లాక్కొచ్చినారు. సర్వేయరు మంచి పనిమంతుడు. నా కిందికి దూరి, ఛాసిస్ వంకర టేపుతో కొలిచి, ప్రతి భాగానికీ ఫోటో తీసినాడు. రిపేరుకు 4,60,000 అవుతుందని తేల్చినాడు. పాలసీలో నా ఖరీదు, అదే ఐడీవీ, 5,40,000. తొమ్మిది లక్షల బండికి మూడేళ్ళు దాటితే 40 శాతం తరుగు తీసిన లెక్క అది. రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్. అంటే నేను చచ్చినట్టు లెక్క. చచ్చినందుకు డబ్బు రావాల.

అప్పుడొచ్చినాడు ఇన్వెస్టిగేటరు. ఈయన నన్ను ముట్టుకోనే లేదు. చెయ్యి కట్టులో ఉన్న అవ్వ దగ్గర కూర్చొని "ఎంతిచ్చినావవ్వా?" అని అడిగినాడు. ఆమె ఆరొందలని నిజమే చెప్పింది. ఇంగ్లీషులో ఒక పేజీ రాసుకొని, కింద ఆమె వేలిముద్ర తీసుకున్నాడు. కొన్నాళ్ళకు కంపెనీ ఉత్తరం: బండిని బాడుగకు తిప్పినారు, క్లెయిం చెల్లదు. సొంత కారు పాలసీలో ఏ పనికి వాడకూడదో ఒక జాబితా ఉంటుంది. బాడుగ, సరుకు మోత, రేసులు, స్పీడు పరీక్షలు. మా రోడ్ల మీద స్పీడు పరీక్షట!

పావగడ లాయరు తుమకూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసినాడు. గుద్దుకున్నది ఆంధ్రలో, కంపెనీ ఆఫీసు బెంగళూరులో. అయినా 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు లేదు. ఖర్చల్లా సుమారు వంద కిలోమీటర్ల బస్సు ప్రయాణానిదే. కారు పోయిన కేసుకు కారులో పోయే యోగం ఎట్లా ఉంటుంది? కంపెనీ లాయరు జవాబుకు వాయిదాల మీద వాయిదాలు అడగబోయినాడు. ముప్పై రోజులు, మహా అయితే ఇంకో పదిహేను, ఆపైన ఒక్క రోజు కూడా లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో చెప్పేసింది. నలభై ఐదో రోజున జవాబు దిగింది.

వాదనంతా ఆ వేలిముద్ర చుట్టే తిరిగింది. అవ్వ తన అఫిడవిట్‌లో డీజిలుకిచ్చినానంది. పుట్టపర్తికి పోయి రావడానికి నిజమైన టాక్సీ అయితే ఆరొందలకు వస్తుందా అని మా లాయరు అడిగినాడు. ఏడు సీట్ల బండిలో సొంత కుటుంబం ఒక్కరూ లేరెందుకని కంపెనీ లాయరు. నన్నెవరూ అడగలేదు. అడిగితే ఇంజినీర్ల సంగతి కూడా కక్కేసేదాన్ని, అడగకపోవడమే మా రైతుకు మేలయింది.

రెండు పాత తీర్పులు బయటికొచ్చినాయి. సొంత బండిని టాక్సీగా తిప్పుతుండగా ప్రయాణికులే ఎత్తుకుపోయిన కేసులో, పూర్తిగా ఎగ్గొట్టడం కుదరదని, 75 శాతం ఇవ్వమన్న తీర్పును సుప్రీంకోర్టు 2008లో నిలబెట్టింది. 2010లో అమలేందు సాహు కేసులోనూ బాడుగకిచ్చిన సొంత కారే గుద్దుకుంది. ఐదు లక్షలు అడిగితే రెండున్నర లక్షలిప్పించినారు. ఇట్లాంటి వాటిని నాన్ స్టాండర్డ్ క్లెయిం అంటారు. ఆ దారిలోనే మాకూ ముక్కాలు వచ్చింది. 4,05,000లో తప్పనిసరి కోత 1,000 పోగా 4,04,000, పైన వడ్డీ.

నాకు ఈ ముక్కాలు లెక్క మింగుడుపడదు. అవ్వ ఇచ్చింది బాడుగ కాకపోతే పూర్తి డబ్బు రావాల. బాడుగే అయితే, నన్ను జార్చింది ఉలవలు గదా, ఆరొందల రూపాయలు కాదు గదా, అప్పుడు కోత దేనికి? మా రైతు మాత్రం ఇంత తర్కం పెట్టుకోలేదు. గ్యారేజీవాడు నా స్థలానికి రోజు లెక్కన అద్దె అడుగుతున్నాడు, అది ముందు తీరాల. నలభై ఐదు రోజుల్లో సగం డబ్బు కట్టి బెంగళూరు రాష్ట్ర కమిషన్‌కు పోయే దారి కంపెనీకి ఉంది. పోలేదు. డబ్బు కట్టి నా శిథిలాన్ని తమకప్పగించమంది.

నన్ను తీసుకుపోను కంపెనీ తరఫున పసుపు బోర్డు లారీ వచ్చింది. గొలుసులతో బిగించి పైకెక్కించినారు. ఊరు దాటుతున్నామో లేదో, బస్సు రాక రోడ్డు పక్క నిలబడిన మొగుడూ పెళ్ళాం చెయ్యెత్తినారు. డ్రైవరు ఆపినాడు. "పావగడ దాకానా? మనిషికి యాభై ఇయ్యండి" అన్నాడు. సరుకు లారీలో డబ్బు తీసుకొని మనుషుల్ని ఎక్కించడం ఏ పాలసీలోనూ చెల్లదు. ఆమె మూట నా సీటు మీదికి విసిరేసి, ఇద్దరూ క్యాబిన్లోకి ఎక్కినారు.