వెనక వైపు

మా కుట్టు బృందంలో గుడ్డ ముందు వైపు చూసి మురిసేది ఇంట్లోవాళ్లు. పెద్దమేడమ్ చూసేది వెనక వైపు.

ప్రతి శనివారం సాయంత్రం నాలుగింటికి తార్నాకలో ఆవిడ ఇంటి వరండాలో చేరేవాళ్లం. తొమ్మిది మందిమి. ఇద్దరు కాలేజీల్లో పాఠాలు చెప్పి రిటైరైనవాళ్లు, ఒకావిడ బ్యాంకు, ఒకావిడ లైబ్రరీ, తక్కినవాళ్లం ఇల్లు. కుట్టేవన్నీ చిన్నవే. సూదులు గుచ్చుకునే గుడ్డ పుస్తకం, కళ్లజోడు సంచి, చదువుతున్న పేజీలో పెట్టుకునే పట్టీ. పూర్తయ్యాక ఎవరి గుడ్డ వాళ్లు పెద్దమేడమ్ చేతికివ్వాలి. ఆవిడ పువ్వు చూసేవారు కాదు, రంగు చూసేవారు కాదు. చటుక్కున తిరగేసేవారు.

వెనక ముడి ఉండకూడదు. దారం ఒక పువ్వు మీంచి ఇంకో పువ్వుకి దూకకూడదు. మిగిలిన కొసని ఐదు కుట్ల కిందుగా దూర్చి అప్పుడు కత్తిరించాలి. ముడి వేసినవాళ్లకి ఆ వారం టీతో ఉస్మానియా బిస్కెట్టు ఉండేది కాదు. నవ్వుతూనే ఇచ్చేవారు కాదు.

ఏడాదిన్నర తిరిగేసరికి గుడ్డ తిరగేస్తే చాలు, ఎవరు కుట్టిందో అందరికీ తెలిసిపోయేది. బ్యాంకావిడ దారం బిగలాగుతుంది, గుడ్డ ముడతలు పడుతుంది. లైబ్రరీ ఆవిడ కుట్టు వదులు. నాది ఎక్కడో ఒకచోట దూకుతుంది.

మేం కుడుతుంటే పెద్దమేడమ్ ఏదో ఒకటి చదివి వినిపించేవారు. ఆ ఏడు సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టింది నరసాపురం లేసు పుస్తకం. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ పశ్చిమ గోదావరికి వచ్చి, లేసు అల్లే ఇళ్లు తిరిగి, 1982లో అచ్చు వేయించిన ఇంగ్లీషు పుస్తకం. పెద్దమేడమ్ ఒక పేరా చదివి, తెలుగులో చెప్పి, మళ్లీ చదివేవారు. మిషనరీలు నేర్పిన పని. సరుకు ఓడలెక్కి విదేశాలకి పోతుంది. ఒకామె పువ్వులు అల్లుతుంది, ఇంకొకామె వాటిని అతుకుతుంది. అల్లినామెకి అతికినామె ఎవరో తెలియనక్కర్లేదు. వంటా వార్పూ, పిల్లలూ పశువులూ అయ్యాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు క్రోషే సూదితోనే. అయినా వాళ్లని పనివాళ్లనరు. గృహిణులంటారు. అల్లేది తీరిక వేళలోనట.

ఆ మాట దగ్గరికొచ్చినప్పుడల్లా పెద్దమేడమ్ పుస్తకం మూసేవారు. "తీరిక వేళ పనిట! ఆరు గంటల తీరిక! ఎవడికి కావాలి ఆ తీరిక?" అనేవారు. పుస్తకంలో ఆ మాట కింద ఎర్ర పెన్సిలు గీత ఉంది. రెండుసార్లు గీసిన గీత.

ఫిబ్రవరిలో ఉస్మానియా క్యాంపస్ నుంచి కబురొచ్చింది. ఇంటి పట్టున పనిచేసే స్త్రీల మీద రెండు రోజుల సదస్సు. వచ్చినవాళ్లకి ప్లాస్టిక్ ఫైళ్లకి బదులు చేతికుట్టు పట్టీలు ఇద్దామనుకున్నారు. మొత్తం 72 కావాలి, ఒక్కోదానికి 100 రూపాయలు. తొమ్మిది మందికి ఎనిమిదేసి. మూడు వారాల గడువు.

ఆర్ట్స్ కాలేజీ కమాను కుడదామన్నారు పెద్దమేడమ్. 1939లో ఏడో నిజాం ప్రారంభించిన ఆ భవనం గులాబీ గ్రానైటుది. ఆ రంగు లచ్చి కోసం సికింద్రాబాదు జనరల్ బజారులో మూడు దుకాణాలు ఎక్కి దిగాం. ఆరు పోగుల దారంలో రెండు పోగులు విడదీసి, కమాను వంపు కాడకుట్టుతో, మెట్లు గొలుసుకుట్టుతో. వంపు దగ్గర కుట్టు సన్నం కాకపోతే కమాను కాస్తా దోసె అంచులా కనపడుతుంది. నా మొదటిది దోసే.

రెండు పూర్తయ్యేసరికి మా అమ్మాయి పురిటికి వచ్చింది. ఇంకా ఆరున్నాయి, పది రోజులున్నాయి.

మా వీధి చివర అపార్టుమెంటు మెట్ల కింద ఫాలు, పీకో చేసే ఆమె ఒకతి ఉంది. మెట్లు వంగిన చోట కూర్చుంటే తల తగలదు, లేస్తే తగులుతుంది. మిషను ఒకటి, చీరలు వేలాడేసే తీగ ఒకటి. ఆరు గుడ్డలూ ఆమెకి చూపించాను. ఒక్కోదానికి నలభై అడిగింది. ఇరవై ఐదు అన్నాను. సరేనంది.

గులాబీ దారం తీసి ఇవ్వబోయాను. "ఉన్నదమ్మా" అంది.

కమాను ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో చూపించబోయాను. "ఎరుకేనమ్మా" అంది.

చురుకైన మనిషి అనుకున్నాను.

నాలుగో రోజుకి ఆరూ ఇచ్చేసింది. వంపు ఎక్కడా చెదరలేదు. ఇంటికొచ్చి తిరగేశాను. ముడి లేదు నిజమే, కానీ కొస కుట్ల కిందికి దూర్చలేదు. చీర ఫాలు ఎన్ని ఉతుకులైనా ఊడకూడదు కాబట్టి, ఫాలు కుట్టే చెయ్యి దారం తెంపేముందు మూడు చిన్న కుట్లు వేస్తుంది, మూడూ మూడు వైపులకి. గుడ్డ వెనక చూస్తే బుల్లి కోడికాలు. ప్రతి పట్టీ వెనకా అదే కోడికాలు, అదే మూలన.

సూది మొన పెట్టి ఒకదాన్ని విప్పాను. అరగంట పట్టింది. తక్కిన ఐదింటి జోలికి పోలేదు. నేను కుట్టిన రెండూ పైన పెట్టి, అవి అడుగున పెట్టాను.

శనివారం వరండాలో పేము బల్ల మీద తొమ్మిది కుప్పలు చేరాయి. పెద్దమేడమ్ కళ్లజోడు పెట్టుకుని ముందు బ్యాంకావిడ కుప్ప తీసుకున్నారు. ఒకటి తిరగేశారు. ముడతల్లేవు. రెండోది తిరగేశారు. మూడోది.

కోడికాలు.

నేను బ్యాంకావిడ వంక చూశాను. బ్యాంకావిడ టీకప్పు వంక చూస్తోంది.

లైబ్రరీ ఆవిడ కుప్ప. ఈసారి రెండే తిరగేశారు. కోడికాలు, కోడికాలు. మూడో కుప్పలో ఒక్కటి తిరగేసి వెంటనే బోర్లించేశారు. నాలుగోది నాది. దాని మీద చెయ్యి పెట్టి, కాసేపు ఉంచి, తీసేశారు.

ఎవరూ మాట్లాడలేదు. మెట్రో రైలు చప్పుడు వచ్చి పోయింది. ఫ్యాను గాలికి బల్ల చివరి కుప్ప మీంచి ఒక పట్టీ జారి గచ్చు మీద బోర్లా పడింది. అది పెద్దమేడమ్ గారి కుప్ప.

తొమ్మిది మందిమీ దాని వంకే చూశాం. లైబ్రరీ ఆవిడ వంగి తీసి, దులిపి, కమాను పైకి వచ్చేట్టు పెట్టింది.

"చీకటి పడుతోంది, ప్యాక్ చేసేద్దాం" అన్నారు పెద్దమేడమ్. అప్పుడు ఐదు కూడా కాలేదు. మార్చి ఎండ వరండా సగందాకా ఉంది.

ఆ రోజు అందరికీ రెండేసి బిస్కెట్లు వచ్చాయి.

సదస్సు బాగా జరిగింది. చెట్ల కింద గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలు కూడా కొందరు వచ్చి వెనక కూర్చున్నారు. ప్రతి పట్టీకి ఒక చీటీ కట్టారు: "తార్నాక స్త్రీల చేతికుట్టు." నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి ఒకరు చెప్పారు. లేసు మీద ఊరి పేరుంటుంది కానీ అల్లినామె పేరుండదని ఇంకొకరు చెప్పారు. పెద్దమేడమ్ ఐదు నిమిషాలు మాట్లాడారు. తీరిక అనే ఒక్క మాట ఎంత కూలీని మింగిందో చెబుతుంటే ఆవిడ గొంతు వణికింది. చప్పట్లు చాలాసేపు మోగాయి. తొమ్మిది మందినీ వేదిక మీదికి పిలిచి శాలువాలు కప్పారు.

ఢిల్లీ నుంచి వచ్చినావిడ పట్టీలు నాలుగు తిరగేసి చూసి, తొమ్మిది మంది కుట్టినా ఒక్క చేత్తో కుట్టినట్టుందని మెచ్చుకుంది.

"సాధన" అన్నారు పెద్దమేడమ్.

7,200 రూపాయలు వచ్చాయి. తలా ఎనిమిది వందలు పంచుకున్నాం.

సోమవారం మా అమ్మాయి చీరకి ఫాలు వేయించడానికి మెట్ల కిందికి వెళ్లాను. ఆమె చీర అందుకుని, "అమ్మా, మల్ల గా కమాన్లు వస్తె అందరియి ఒక్కపారే ఇప్పియ్యండి. తలా ఒక దినం తెచ్చిస్తె, ఎవరియి ఏవో కలిసిపోతున్నయి" అంది.

మిషను వెనక గోడ మీద సుద్ద గీతలున్నాయి. ఐదేసి గీతలకి ఒక అడ్డగీత. లెక్కపెట్టాను. అరవై ఒకటి.

"అందరూ ఇరవై ఐదేనా?" అన్నాను.

"లేదమ్మా. బ్యాంకమ్మ ముప్పై ఇచ్చింది. లైబ్రరీ అమ్మ గూడ ముప్పై. మీరు ఇరవై ఐదు."

"పెద్దమేడమ్?"

ఆమె దారం కొరికి సూది బెజ్జంలోకి ఎక్కించుకుంది.

"పదిహేను. తీరిక వేళల చేసే పనే గదా అన్నరమ్మా."