నేను ఆగ్రా గోతాన్ని

జనపనార గోతాన్ని నేను. యాభై కిలోల బంగాళాదుంపలు కడుపులో పెట్టుకుని ఆగ్రా నుంచి లారీలో తెనాలి దిగాను. సరుకు అమ్ముడయ్యాక కొట్టువాడు నన్ను దులిపి ఓ మూలకి విసిరితే, కూరలకొచ్చిన ఓ పెద్దమనిషి పది రూపాయలిచ్చి చంకన పెట్టుకుపోయాడు. పెరట్లో దుంపలు పండిద్దామని కూతురు వారంగా ఆయన ప్రాణం తోడేస్తోందట.

కార్తీకానికని రేపల్లె నుంచి వచ్చిన నాయనమ్మ ఒప్పుకోలేదు. "కందా చేమా పండే నేలలో ఈ ఉత్తరాది దుంపేమిట్రా అబ్బాయ్!" అంది. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు. డెల్టా నల్లమట్టి తడిస్తే జిగట, ఎండితే నెర్రెలు. దుంపకి గుల్ల నేల కావాలి. అందుకని బాపట్ల మావయ్య రెండు బస్తాల ఇసుకమట్టి తెచ్చాడు, వేరుశనగ పండే నేలది. 1945 నుంచి వ్యవసాయ కళాశాల ఉన్న ఊరివాణ్ణని ఆయనకి కాస్త అతిశయం. చదివింది మాత్రం కామర్సు.

2023 నాగులచవితి వెళ్లాక పని మొదలైంది. మొలకెత్తిన దుంపల్ని ఒక్కో ముక్కకి రెండు కళ్లుండేలా కోసి, కోసిన చోట బూడిద అద్ది ఆరబెట్టారు. నా అంచులు సగానికి మడిచి, పశువుల ఎరువు కలిపిన మట్టి అడుగున పోసి, ముక్కలు నాటారు. మొక్క ఎదిగేకొద్దీ నా మడత ఒక్కొక్కటే విప్పుతూ మొదట్లో మట్టి ఎగదోయాలి. దుంప వేరు కాదు, నేలలో ఊరే కాండం. ఎండ తగిలితే పచ్చబడి చేదెక్కుతుంది, తినడానికి పనికిరాదు.

డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. నన్ను వరండాలోకి ఈడ్చేలోపే నానిపోయాను. రెండు ముక్కలు కుళ్లాయి, మిగతావి నిలిచాయి. నేను గోనెని కాబట్టి నీళ్లు నాలోంచి జారిపోయాయి మరి! ఈ మాట ఇంట్లో ఎవరూ అనలేదు, నేనే చెప్పుకోవాల్సొస్తోంది.

వానకన్నా గట్టి శత్రువు వేడి. రాత్రుళ్లు 20 డిగ్రీల లోపుంటేనే గడ్డ బాగా ఊరుతుంది. తెనాలిలో అలాంటి రాత్రులు డిసెంబరు, జనవరుల్లోనే కాస్త దొరుకుతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఆ తర్వాత ఎంత ఎరువేసినా ఆకే. ఆగ్రా పొలాలకి ఆ చలి ఊరికే దొరుకుతుంది. ఇక్కడ దాన్ని రోజులు లెక్కబెట్టుకుని వాడుకోవాలి. ఈలోగా ఆ పిల్ల ఊరుకోదే! బడి నుంచి రాగానే నాలో చెయ్యి పెట్టి తడిమేది. ఒకసారి తీగతో సహా గోలీకాయంత దుంప ఊడొచ్చింది. వాళ్లమ్మ గరిట పట్టుకుని వచ్చింది.

రథసప్తమి దాటాక ఆకు పసుపెక్కింది. నన్ను పక్కకి వంచి కుమ్మరించారు. నిమ్మకాయంతవి కొన్ని, ఉసిరికాయంతవి చాలా. అన్నీ కలిపి కిలోన్నర తూగాయి. ఇసుకమట్టికైన ఆటో కిరాయితో బజార్లో పది కిలోలొచ్చేవని మావయ్యే అన్నాడు. తొక్కతోనే వేపుడు చేస్తే నాయనమ్మ మాట్లాడకుండా మారు వడ్డించుకుంది. చెయ్యి కడుక్కున్నాక మాత్రం, "వచ్చే ఏడు కంద పెట్టండ్రా" అంది.

వచ్చే ఏడు ప్లాస్టిక్ సంచులు కొందామని అబ్బాయిగారు అంటున్నారు. నా అడుగు చివికిపోయిన మాట నిజమే. కానీ ప్లాస్టిక్కుకి గాలాడదు, అడుగున చిల్లులు పెట్టకపోతే మళ్లీ తుపానుకి దుంపలన్నీ కుళ్లిపోతాయి. కావాలంటే మావయ్యని అడగమనండి.