రబ్బరు ఊడిన రోజు

నన్ను కొన్న పద్ధతి చెప్తే నవ్వుతారు. కుప్పం సంతలో వెదురుకర్రల మోపు ముందు ఒక ముసలాయన గొంతుకూర్చుని, ఒక్కొక్క కర్రా తీసి పక్కనున్న బండ మీద కొట్టి, తల ఓరగా వంచి వింటున్నాడు. పదో పన్నెండో అయ్యాక నా వంతు వచ్చింది. కొట్టాడు, విన్నాడు, మళ్లీ కొట్టాడు. "ఇది గట్టిది" అన్నాడు. అమ్మేవాడికి ఓపిక అయిపోయింది. "పుచ్చకాయ కొన్నట్టు కొంటాండావే పెద్దాయనా!"

ఆయన కోలారు బంగారు గనుల మనిషి. వాళ్ల తాత, వాళ్ల నాయన, తర్వాత ఆయన, అందరూ చాంపియన్ రీఫ్‌లోనే దిగారు. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా పోయిన గని అది. లోపల మందు పేల్చి పొగ తగ్గాక ముందు వెళ్లినవాడు చేసే మొదటి పని, గడపారతో పైకప్పును తట్టి వినడం. ఖంగుమంటే రాయి గట్టిగా ఉన్నట్టు, కింద నిలబడొచ్చు. బొదబొదమంటే పైన పొర విడిపోయి గుల్లగా ఉన్నట్టు. దాన్ని పడగొట్టకుండా ఒక్కడుగు ముందుకేసినా ప్రాణం మీదికొస్తుంది. 2001లో గనులు మూతపడ్డాయి గానీ ఈయన తట్టడం మూతపడలేదు. కొడుకు కట్టించిన కొత్త ఇంట్లో నాతో గదిగదీ తట్టుకుంటూ తిరిగి, మూడు టైల్స్ కింద సిమెంటు లేదని తేల్చాడు. మేస్త్రీ ఒప్పుకోలేదు. పెళ్లగించి చూస్తే నిజమే.

ఆ ఇంట్లోనే నా నోరు కట్టేశారు. నున్నటి నేల మీద జారుతుందని కోడలు నా కాలికి నల్ల రబ్బరు బిళ్ల తొడిగింది. అప్పట్నుంచి ఎక్కడ ఆనించినా నాది 'బుస్' అనే ఒక్క శబ్దమే. ముసలాయనా తట్టడం తగ్గించేశాడు.

మనవరాలు ఇంగ్లండ్‌లో ఉద్యోగం చేస్తోంది. టికెట్ పంపి, లండన్‌లో ఏం చూస్తావు తాతా అని అడిగింది. "మా కెప్టెన్ల ఊరు చూపించు మే, చాలు" అన్నాడు. ఆ పిల్ల ఓడ కెప్టెన్లనుకుంది. కాదు. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో గని మీద పెత్తనం చేసే మేస్త్రీని కెప్టెన్ అంటారు. 1860ల్లో రాగి ధర పడిపోయి అక్కడి గనులు ఒక్కొక్కటే చతికిలబడుతుంటే పనివాళ్లు ఓడలెక్కి అమెరికా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా పోయారు. 1880ల్లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ వెనక కొందరు కోలారుకూ వచ్చారు. ప్రపంచంలో ఎక్కడ గొయ్యి కనబడినా దాని అడుగున ఒక కార్న్‌వాల్ వాడుంటాడని వాళ్ల సామెతట. మా గొయ్యి అడుగున మాత్రం చిత్తూరు, ఆర్కాటు జిల్లాల వాళ్లు ఎక్కువ.

విమానాశ్రయంలో నన్ను రెండుసార్లు యంత్రంలో తోసి, లోపల ఏముందని అడిగారు. "ఏమీ లేదు, అందుకే కొన్యా" అన్నాడు ముసలాయన. గట్టి వెదురుకు లోపల బోలు ఉండదని ఆ అధికారికి ఎవరు చెప్తారు!

సెయింట్ జస్ట్ అనే చిన్న ఊరు దాటి కేప్ కార్న్‌వాల్ దగ్గర మా నడక మొదలైంది. సముద్రంలోకి పొడుచుకొచ్చిన గుట్ట, దాని నెత్తిన 1864 నాటి గని పొగగొట్టం. అక్కడి నుంచి తీరం వెంబడి కాలిబాట. ఇంగ్లండ్ నైరుతి కొమ్మును చుట్టుకుంటూ 630 మైళ్లు పోతుంది, దోవ తప్పకుండా ఓక్ గింజ బొమ్మ చెక్కిన గుంజలు పాతారు. పూర్వం దొంగసరుకు దించే పడవల మీద కన్నేసి ఉంచడానికి తీర రక్షకులు కొండచరియ అంచునే గస్తీ తిరిగేవాళ్లు; వాళ్ల అడుగులే ఈ బాట. వాళ్లకు ప్రతి మలుపులోకీ, ప్రతి గుంటలోకీ తొంగిచూసే పని కాబట్టి బాట ఎక్కడా తిన్నగా పోదు. దిగడం, ఎక్కడం, మళ్లీ దిగడం. మేం నడిచింది నాలుగైదు మైళ్లే. అందులో ముసలాయన బరువు సగం నా మీదే, అది నేను చెప్పుకోవాలి.

ఆగస్టు నెల. కొండపైన బీడంతా ఊదారంగు హెదర్ పొదలు, మధ్యమధ్య పసుప్పచ్చ పూల గోర్స్ ముళ్లు. ముసలాయన ఒక పూరెమ్మ తుంచి ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడిపోయాడు. మనవరాలికీ చూపించాడు. పచ్చికొబ్బరి తురిమిన వాసన. ముళ్లకంపకు కొబ్బరి వాసనేమిటని ఇద్దరూ అక్కడే కాసేపు వాదులాడుకున్నారు.

కెనిడ్జాక్ లోయలో వాగు పక్కన నేలంతా చిత్తడి. నా కాలు జానెడు లోతు దిగింది. ముసలాయన గుంజితే నేను వచ్చాను, రబ్బరు రాలేదు. మనవరాలు బురదలో చెయ్యి పెట్టి వెతికింది. ఎదురుగా వస్తున్న జంట తమ అల్యూమినియం కర్రలతో కెలికి చూశారు. మడిస్తే సంచిలో దూరే జాతి అవి, పాపం మంచివే. రబ్బరు దొరకలేదు. అయ్యో అని అందరూ అన్నారు. నేను మాత్రం అనలేదు.

లోయ ఎక్కి పైకొచ్చి మొదటి రాతి మీద కాలు పెట్టగానే 'టక్'మంది. ముసలాయన ఆగాడు. మళ్లీ పెట్టాడు. టక్. ఆయన వేళ్లు నా మెడ మీద పట్టు మార్చుకున్నాయి. ఊతకర్రను పట్టుకునే పట్టు కాదది.

బొటాలక్ దగ్గర చూడాల్సింది కొండ పైన లేదు, కింద ఉంది. నల్లటి కొండచరియ సగంలో, అలల తుంపర తగిలేటంత దిగువన, రెండు రాతి ఇంజనుగదులు ఒకదాని కింద ఒకటి వేలాడుతున్నట్టు నిలబడి ఉన్నాయి. కప్పులు లేవు, పొగగొట్టాలు ఉన్నాయి. తగరం, రాగి సిరలు సముద్రం కిందికి పోతే మనుషులూ వాటి వెంట పోయారు. ఆవిరి ఇంజన్లు పగలూ రాత్రీ నీళ్లు తోడితేనే లోపల పని సాగేది. తుపాను రోజుల్లో నెత్తిమీద సముద్రం అడుగున బండరాళ్లు దొర్లే చప్పుడు పనిచేసేవాళ్లకు వినిపించేదట. మనవరాలు ఇది చదివి చెప్పేసరికి ముసలాయన వంగి, బాట పక్క రాతిని నాతో మూడుసార్లు కొట్టాడు.

"ఏముంది తాతా?"

"ఇక్కడ గట్టిగా ఉండాది." నాలుగడుగులు వేసి మళ్లీ కొట్టాడు. "ఈడ గుల్ల."

నిజానికి అంత గుల్లగా నాకేం వినిపించలేదు. గాలి హోరు ఒకటి. కానీ ఆ మాట బయటికి చెప్పలేదు, ఇన్నేళ్లకు పని దొరికినవాణ్ని.

చుట్టూ జనం ఫొటోలు దిగుతున్నారు. ఈ గనుల సీమ 2006లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. శిథిలం అందంగా కనబడాలంటే అందులో చెమటోడ్చినవాళ్లు పోయి వందేళ్లయినా కావాలేమో. కోలారులో బూడిదరంగు సైనైడ్ దిబ్బలున్నాయి, వాటికింకా ఆ వయసు రాలేదు. ఎండాకాలం గాలికి ఆ దుమ్ము ఇళ్లలోకి వస్తుంది, ఎవరూ వెనక నిలబడి ఫొటో దిగరు. ఇక్కడా ఆర్సెనిక్ తీసిన కొలిమి గోడలున్నాయి, ఆ పాషాణం పొగను చల్లార్చి గోకడానికి కట్టిన వంకరటింకర గదులున్నాయి. వాటి దగ్గరే ఒక కుటుంబం దుప్పటి పరుచుకుని తింటోంది.

మేమూ తిన్నాం. అంటే వాళ్లు తిన్నారు. పేస్టీ అంటారు, బొద్దుగా కాల్చిన కజ్జికాయ, అంచు మెలికతో సహా. మామూలుగా గొడ్డుమాంసం, బంగాళదుంప పెడతారు. ముసలాయనకు చీజ్, ఉల్లిపాయది దొరికింది. గనివాళ్లు చేతి పాషాణం అంటకుండా ఆ అంచు పట్టుకుని తిని, దాన్ని పారేసేవాళ్లని చెప్తుంటారు. ముసలాయన ఒప్పుకోలేదు. "ఆకలైనోడు పారేస్తాడా?" అని అంచుతో సహా నమిలేశాడు.

ఆ తిండి దగ్గరే ఎర్రముక్కు, ఎర్రకాళ్ల కాకి ఒకటి వాలింది. చఫ్ అంటారు, కార్న్‌వాల్ చిహ్నంలో గనిపనివాడితో పాటు దానికీ చోటుంది. దశాబ్దాల పాటు ఈ తీరంలో కనబడకుండా పోయి 2001లో తిరిగొచ్చిందని మనవరాలు ఫోన్‌లో చూసి చెప్పింది. "మమ్మల్ని ఇంటికి పంపిన ఏడాది" అన్నాడాయన. పేస్టీలోంచి ఉల్లిపాయ ముక్క తీసి వేస్తే అది ముట్టలేదు.

తర్వాత లెవంట్. అక్కడ 1840 నాటి ఆవిరి ఇంజను ఇప్పటికీ కదిలేలా ఉంచారు. ముసలాయన దాని దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. మనిషి యంత్రం ఉన్న బావి దగ్గర ఆగాడు. నిచ్చెనలెక్కే బాధ తప్పించడానికి జర్మనీ గనుల్లో పుట్టి కార్న్‌వాల్‌కు వచ్చిన ఏర్పాటది: లోతుకంటా దిగిన పొడవాటి దూలం, దానికి అడుగడుగునా చిన్న మెట్లు. ఇంజను దూలాన్ని పన్నెండడుగులు లేపుతుంది, దించుతుంది. మనిషి దూలం మెట్టు మీద నిలబడి పైకొచ్చి, పక్కన గోడకున్న అరుగు మీదికి అడుగు మార్చాలి. దూలం కిందికి పోయి మళ్లీ వచ్చేసరికి తర్వాతి మెట్టు అందుకోవాలి. అలా అడుగు మార్చుకుంటూ మార్చుకుంటూ వెలుగులోకి. 1919 అక్టోబరు 20న పని దిగి, దూలం నిండా మనుషులతో పైకొస్తుండగా, కొసన పట్టి విరిగింది. 31 మంది పోయారు.

మనవరాలు చదవడం ఆపింది. ముసలాయన నన్ను చంకలో పెట్టుకుని రెండు చేతులూ కట్టుకున్నాడు. "మాకు కేజ్ ఉండేది" అన్నాడు కాసేపటికి. "సైరన్ అకాలంలో మోగితే మీ అవ్వ వాకిట్లోకొచ్చి నిలబడేది. వీధంతా ఆడవాళ్లే. ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు." అంతకుమించి చెప్పలేదు. అక్కడ ఆయన నాతో ఏ రాతినీ తట్టలేదు.

పెండీన్ దీపస్తంభం దాటాక పోర్థెరాస్ అనే చిన్న ఇసుక రేవు. గనులకేమీ అవసరం లేకపోవడం వల్లనేమో శుభ్రంగా ఉంది. మనవరాలు బూట్లు విప్పి నీళ్లలోకి పరిగెత్తి, చలికి కేకేసి వెనక్కొచ్చింది. ముసలాయన ఒక రాయి మీద కూర్చుని నన్ను ఇసుకలో పొడుస్తూ తీస్తూ ఉన్నాడు. నా కాలిముద్రలు గుండ్రంగా, నాణేలు పరిచినట్టు వరసగా పడ్డాయి. అల వచ్చి సగం చెరిపింది.

మర్నాడు పెన్జాన్స్‌లో మనవరాలు నాలుగు రబ్బరు బిళ్లలున్న పాకెట్టు కొనితెచ్చింది. "వేసుకో తాతా, జారతావు." ముసలాయన పాకెట్టు తీసుకుని, తిప్పి చూసి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "ఊరికి పోయినాక చూద్దాం మే."

ఊరికొచ్చి నాలుగు నెలలైంది. ఆ పాకెట్టు కళ్లజోడు డబ్బా కింద, సీలు విప్పకుండా ఉంది. కోడలు అడిగినప్పుడల్లా ఆయనకు ఆ రోజు చెవి సరిగా వినబడదు. నిన్న వంటింటి గట్టు కింద ఇంకో గుల్ల టైల్ పట్టుకున్నాం.