నీటిజాడ నెఱిగిన కాంటా

నేనొక గాజు పలకను. చతురస్రమైన నా దేహమున పాదములు మోపుటకు నాలుగు లోహపు బిళ్లలును, వానిక్రింద భారమునకు అతిసూక్ష్మముగ వంగి ఆ వంపును విద్యుత్సంకేతముగ మార్చు గ్రాహకములును, అంకెలు వెలుగు నొక చిన్న గవాక్షమును కలవు. బరువుతోపాటు కొవ్వును గూడ చెప్పు నా జాతిని 1992లో జపాను దేశపు తానీటా సంస్థ లోకమునకు పరిచయము చేసెను. నేను మాత్రము, ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనుండి 2016లో సూర్యాపేట జిల్లాలో చేరిన మేళ్లచెరువునందు, ఒక ఇంటి స్నానపుగది గుమ్మముచెంత నివసించుచున్నాను.

ఇంటి యజమాని ఇచ్చటి సున్నపురాతిని నమ్ముకొన్న ఒక సిమెంటు కర్మాగారమున వేబ్రిడ్జి కడ గుమాస్తా. లారీని ఖాళీగా నొకసారి, సరుకుతో నొకసారి తూచి, పెద్దయంకెనుండి చిన్నయంకెను తీసివేసి చీటి వ్రాయుట ఆయన నిత్యకృత్యము. రక్తమున చక్కెర హద్దుమీద నున్నదని వైద్యుడు చెప్పిన వారమే నన్ను కొనితెచ్చి, మనిషిలోని కొవ్వునుగూడ నేనట్లే వేఱుచేసి చూపుదునని నమ్మి, నామీద నిలిచెను. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 62 కిలోలు. ఆ రెంటినిబట్టి వచ్చు శరీరభార సూచిక 22.8, అనగా మన దేశపు వైద్యులు అధికభారమునకు గీచిన 23 అను గీతకు లోపలిదే. అయినను నా గవాక్షమున కొవ్వు 27 శాతమని వెలిగెను.

“సన్నగనే ఉంటివి గద బిడ్డా, నీకు కొవ్వేంది? ఈ కాంటా చెడిపోయినట్టున్నది” అని ఆయన తల్లి నన్నొక చూపు చూచెను.

ఆ తల్లి సందేహము సహజమైనది. గొప్ప వైద్యులకును కలిగినది. పూణె నగరపు వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికయందు తమ ఇరువురి ఛాయాచిత్రమునే ప్రకటించిరి. ఇరువురి సూచికయు 22.3; యుడ్కిన్ దేహమున కొవ్వు 9.1 శాతము, యాజ్ఞిక్ దేహమున 21.2 శాతము. బక్కపలుచని చేతులును, చొక్కాక్రింద దాగిన చిఱుబొజ్జయు గల మన పురుషులు ఎందఱో ఆ చిత్రమునందు తమ్ము తాము చూచుకొనవలసినదని నేను హృదయపూర్వకముగ కోరుచున్నాను.

అయితే నా పరిమితిని దాచుట ధర్మము కాదు. కొవ్వును నేను కన్నులార చూడలేదు. సెకనుకు సుమారు లక్ష మారులు దిశ మార్చుకొను, మిల్లీ ఆంపియరు కన్న తక్కువైన విద్యుత్తును ఒక పాదమున పంపి రెండవ పాదమున అందుకొందును. కండరములందు నీరు సమృద్ధిగా నుండుటచే అది అచ్చట సులువుగ సాగును. కొవ్వునందు నీరు స్వల్పమగుటచే తడబడును. ఆ తడబాటును కొలిచి, ఎత్తు, వయస్సు, స్త్రీపురుష భేదములను జోడించి లెక్కకట్టుదునే గాని, నాకు తెలిసినది నీటిజాడ మాత్రమే. అదియు ఒక కాలు ఎక్కి రెండవకాలు దిగు దారి. పొట్టలోని కొవ్వు చాలవఱకు నా ఊహయే.

ఈ సంగతి శివరాత్రికి బయటపడినది. మా ఊరి స్వయంభూ శంభులింగేశ్వరస్వామి జాతరకు జనసముద్రము కదలివచ్చును. ఎద్దుల బండలాగుడు పోటీల కోలాహలము మా స్నానపుగదివఱకు వినవచ్చును. లింగము శిరముననున్న గుంటలో నీరు ఎన్నడు నింకదని భక్తుల విశ్వాసము. ఆ స్వామికై యజమాని నీరైన ముట్టక ఉపవసించి, రాత్రి జాగరము చేసి, తెల్లవాఱి నామీద నిలిచెను. బరువు కిలోకు పైగా తగ్గెను. కొవ్వు 29 శాతమయ్యెను! ఆయన ముఖము చిన్నబోయినప్పుడు నాకు కలిగిన వ్యథ యింతంత గాదు. దేహమున నీరు తఱిగి విద్యుత్తు తడబడగా, ఆ తడబాటును నేను కొవ్వుగా చదివితిని.

నాతో వచ్చిన చిన్నపుస్తకము చదివి ఆయన ఈ మర్మము తల్లికి చెప్పగా, ఏండ్లతరబడి వరి పండించిన ఆమె నవ్వెను. “వడ్ల తేమ చూసే మిషను లెక్కనే ఉన్నది బిడ్డా. పొద్దుగాల మంచుమీద పెడితే ఒక లెక్క, పొద్దెక్కినంక పెడితే ఇంకో లెక్క. వడ్లు అవే గద!” కొనుగోలు కేంద్రమున 17 శాతము తేమ దాటరాదను నిబంధనతో వేగి, ధాన్యమును కల్లమున మరల మరల తిరుగవేసిన చేతులవి. నన్ను నిర్మించిన వారైనను ఇంతకంటె స్పష్టముగ చెప్పజాలరు. నాటనుండి ఆమె నన్ను తప్పుపట్టలేదు. తన పగిలిన మడమలు బిళ్లలకు సరిగ అంటక అంకె రానప్పుడు గూడ, కాళ్లు కడిగి తుడుచుకొని మరల ఎక్కినది.

గర్భవతియైన పొరుగింటి కోడలు వేడుకపడి ఎక్కబోగా యజమాని వారించెను. గుండెయందు పేస్‌మేకరు అమర్చుకొన్నవారికిని నేను తగను.

ఇప్పుడాయన ఆదివారము ఉదయమున మాత్రమే, కాలకృత్యములు తీర్చుకొని, ఏమియు తినకముందు నామీద నిలుచును. ఆ అంకెను క్యాలెండరుపై వ్రాసి, నాలుగు వారములవి కలిపి చూచుకొనును. ప్రక్కన కుట్టుమిషనుపైనుండి తెచ్చిన టేపు వ్రేలాడుచుండును. నేను చూడలేని నడుమును అది చూచును: పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్ల గీత. ఆయనది 94నుండి 91కి దిగినది.

ఈ యేటి శివరాత్రి మఱునాడు ఆయన స్నానముచేసి, నన్ను దాటి, తల్లి అందించిన చెంబెడు నీళ్లు త్రాగి డ్యూటీకి వెడలెను.