సేటు నీడన చల్లగా బతకడం ఎలా?

సాంచాలు (మరమగ్గాలు) నడపడానికి ఊరు విడిచి భివండీ దగ్గరి కాల్హేర్ వచ్చారు. స్వేచ్ఛ కావాలా, భరోసా కావాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. ఈ చిట్కాలు పాటిస్తే రెండింటి బెడదా వదిలిపోతుంది.

1. దిగిన రోజే బాకీ తీసుకోండి. సేటు యాభై వేలిస్తానంటే లక్ష అడగండి. బాకీ ఉన్నవాణ్ణి ఏ సేటూ పనిలోంచి తీసెయ్యడు. ఇంత గట్టి కొలువు సర్కారులో కూడా దొరకదు. రోడ్డవతల గోడౌన్లో నెలజీతం పని దొరుకుతుందట. దొరకనివ్వండి, బాకీ తీరందే మీరు కదలలేరు కాబట్టి ఆలోచించే శ్రమ తప్పింది. అప్పు చూపించి మనిషిని కట్టేసుకోవడం 1976 నాటి వెట్టిచాకిరీ నిషేధ చట్టం ప్రకారం నేరమని ఎవడో చెప్పబోతాడు. చాయ్ తాగించి పంపెయ్యండి.

2. ఆధార్, పాస్‌బుక్ సేటు బీరువాలో పెట్టించండి. ఖోలీలో ఉంటే ఎలుకలు కొరుకుతాయి. ఊరికి పోవాలంటే ఆయన్ని అడగాలి, అడిగితే సీజన్ అంటాడు. చుట్టాల పెళ్లి కట్నాలు ఎగ్గొట్టడానికి ఇంతకన్నా మంచి సాకుందా? గల్ఫ్‌కు పోయిన కరీంనగర్ వాళ్లెందరో కఫీల్ (అక్కడి యజమాని) చేతికి పాస్‌పోర్టు ఇచ్చి ఇదే సుఖం పొందారు. పాపం, దానికి వాళ్లు విమానం ఎక్కాల్సి వచ్చింది. మీకు రైలు టికెట్‌తో తేలిపోయింది.

3. కిరాయి దండగ. సాంచాల పక్కనే పడుకోండి, బిస్సీలో (మెస్‌లో) ఖాతా మీద తినండి. పన్నెండు గంటల పాళీ దిగినవాడే వచ్చి లేపుతాడు. చప్పుడుకు చెవులు మందగిస్తే ఇంకా నయం. ఇంటినుంచి ఫోనొస్తే "వినపడట్లేదు" అన్నా అబద్ధం కాదు.

4. పీఎఫ్ మాటెత్తకండి. కూలిలో 12 శాతం పోతుంది. సేటు కూడా అంతే వెయ్యాలన్న సంగతి గుర్తుకొస్తే నిద్రపోండి. ఇరవై మంది పనివాళ్లు ఉంటేనే పీఎఫ్ చట్టం. ఒకే షెడ్డును భార్య పేర సగం, బావమరిది పేర సగం రాసి లెక్క తగ్గించే సేట్లున్నారు. తనిఖీకి ఎవరైనా వస్తే "చూసిపోదామని వచ్చిన చుట్టాన్ని" అనండి.

5. అసంఘటిత కార్మికుల కోసం 2021లో వచ్చిన ఈ-శ్రమ్‌లో పేరు రాయించడానికి పైసా అక్కర్లేదు. అందుకే నమ్మొద్దు.

6. ఊళ్లోని ఆహార భద్రత కార్డుతో ఇక్కడే బియ్యం తీసుకోవచ్చు. తెలంగాణ, మహారాష్ట్ర 2020 జనవరి నుంచీ ఈ వీలు కల్పించే పథకంలో ఉన్నాయి. కానీ వరుసలో నిలబడాలి, వేలిముద్ర వెయ్యాలి. ఎవరికి ఓపిక? కిరాణా కొట్లో అరువు తెచ్చుకోండి.

7. సెలవు రోజున భివండీ పద్మనగర్‌కు పోకండి. అక్కడ మనవాళ్లు మస్తుగా ఉంటారు. ఏ సేటు మీటరుకు ఎంతిస్తున్నాడో తెలుగులోనే చెప్పేస్తారు. అది విన్నాక ఒళ్లు మండుతుంది.

8. బాకీ తీర్చే తొందర వద్దు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి సాంచాలు ఆగాయి. మీటరు లెక్కన కూలి తీసుకునేవాళ్లకు మీటర్లూ లేవు, కూలీ లేదు. బాకీ మాత్రం పైసా తగ్గకుండా భద్రంగా ఉంది.