బార్‌గ్రాఫుల భక్తులు

తెనాలిలో ఆసుపత్రి గానీ, రేపల్లెలో రొయ్యల వ్యాపారం గానీ, బాపట్లలో కాలేజీ గానీ కొత్త లినక్స్ సర్వర్ కొంటోందని తెలిస్తే చాలు, ఎక్కడి నుంచో ఒక నిపుణుడు బార్‌గ్రాఫులతో దిగుతాడు. ఫైల్ సిస్టమ్‌ల వేగం చూడండి: ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఇంత, ఈఎక్స్‌టీ4 అంత, జెడ్‌ఎఫ్‌ఎస్ మరింత! గ్రాఫు సంగతి కొనేవాళ్లకు పట్టదు. పెళ్లిచూపుల్లోలా ఎత్తు చూసి ఖాయం చేసేస్తారు.

ఆ గీత అంత పొడుగెందుకో ఆరా తీస్తే అసలు కథ తెలుస్తుంది. సర్వర్లో ర్యామ్ 64 జీబీ. పరీక్షకు రాసిన ఫైలు 4 జీబీ. లినక్స్ దాన్ని ముందు ర్యామ్‌లో పెట్టుకుని, డిస్కుకు తర్వాత తీరిగ్గా చేరవేస్తుంది. సాటా డిస్కుకు సెకనుకు దాదాపు 600 ఎంబీకి మించి వెళ్లే దారే లేదు. గ్రాఫులో మాత్రం రెండు వేలు. పరుగెత్తింది ర్యామ్, దండ పడింది ఫైల్ సిస్టమ్ మెడలో. డేటాబేస్ చేసినట్టు, రాసిన ప్రతిదీ డిస్కు మీద పడిందో లేదో ఎఫ్‌సింక్‌తో నిలదీస్తే ఆ గీతలు బుద్ధిగా ముడుచుకుంటాయి.

రెండో అస్త్రం: "ఇది ఎంటర్‌ప్రైజ్ సరుకండీ." ఏ ఎంటర్‌ప్రైజ్ అని మాత్రం అడక్కూడదు. లినక్స్ అమ్మే సూసే 2014లో తన ఎంటర్‌ప్రైజ్ సర్వర్ 12లో రూట్ విభాగానికి బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌నే డిఫాల్టు చేసింది. లినక్సే అమ్మే రెడ్ హ్యాట్ 2017లో అదే బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌కు ఇక సెలవని ప్రకటించి, 2019లో వచ్చిన ఆర్‌హెచ్‌ఈఎల్ 8లో పూర్తిగా తీసిపారేసింది. సరుకు ఒకటే, పెద్ద షావుకార్లు ఇద్దరు, తీర్పులు రెండు. ఎక్స్‌ఎఫ్‌ఎస్ రాసేవాళ్లలో చాలామంది రెడ్ హ్యాట్ జీతగాళ్లు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ రాసేవాళ్లు సూసేలో, ఫేస్‌బుక్‌లో ఉన్నారు. అర్ధరాత్రి పాడైతే బాగుచేసే మనిషి ఎవరి దగ్గరున్నాడన్నదే చాలావరకు అక్కడి లెక్క. బాపట్ల కాలేజీ జీతాల పట్టీలో అలాంటి మనిషి ఎటూ ఉండడు గనుక, డిస్ట్రిబ్యూషన్ ఇచ్చిన డిఫాల్టుతో సరిపెట్టుకుంటే నష్టమేమీ లేదు. కానీ అలా చెబితే నిపుణుడికి ఫీజెవరిస్తారు?

అడగాల్సిన తేడాలు లేకపోలేదు. ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ తమ మెటాడేటాకు చెక్‌సమ్ వేసుకుంటాయి గానీ ఫైల్లోని డేటాకు వేయవు. ఎక్స్‌రే ఫైల్లో ఒక బిట్ తారుమారైనా వాటికి తెలియదు. జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ కనిపెడతాయి. స్కానులు ఏళ్ల తరబడి దాచాల్సిన ఆసుపత్రికి ఇది ముఖ్యమే. అయితే జెడ్‌ఎఫ్‌ఎస్ లైసెన్సు చిక్కు వల్ల లినక్స్ కెర్నల్ గడప బయటే ఉండిపోయింది. ఇక బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ 2024 జనవరిలో కెర్నల్ 6.7తో ఆ గడప తొక్కి, మరుసటి ఏడాదే బయటికి నడిచింది.

ఇంతకీ ఆ సర్వర్ ఎక్కడుంది? కింది అంతస్తులో, మెట్ల కింద. బ్యాకప్ డిస్కు? దాని పక్కనే, బీరువాలో.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వస్తే బాపట్ల జిల్లా లంక గ్రామాలు మునిగాయి. ఆ వేగాన్ని కొలిచే గీత మాత్రం ఏ బెంచ్‌మార్కులోనూ కనిపించదు.

తుఫానే రానక్కర్లేదు. 2017 జనవరి 31న కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు ఐదున్నా ఏదీ సరిగ్గా అక్కరకు రాలేదు. ఆరు గంటల ముందు ఆ ఇంజనీరే వేరే పని మీద తీసిపెట్టిన స్నాప్‌షాట్ పరువు కాపాడింది. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ ప్రభుత్వ డేటా కేంద్రంలో మంటలు రేగి, ఉద్యోగుల ఫైళ్లు 858 టెరాబైట్లు పోయాయి. డేటా మరీ పెద్దదైపోయిందని దానికి బయట బ్యాకప్ పెట్టలేదట.

తెనాలి ఆసుపత్రికి ఆ సాకు కూడా లేదు. దాని డేటా అంతా జేబులో పట్టే ఒకట్రెండు డిస్కుల్లో సర్దుకుంటుంది. వాటిని వారానికోసారి గుంటూరులో పెట్టి రమ్మంటే మాత్రం, కొటేషన్‌లో బస్సు చార్జీ పద్దు లేదంటారు.